నేల తగలని అన్నం సంచి

మడత గొడుగులు మద్రాసుకు కొత్తగా దిగిన రోజుల్లో చింతాద్రిపేట కోదండరాం వాటిని గొడుగులని ఒప్పుకునేవాడు కాదు. గొడుగంటే నల్లబట్ట ఉండాలి, వంకీ పిడి ఉండాలి, విప్పితే ముగ్గురు తల దాచుకోవాలి, మూస్తే ముసలాయనకు చేతికర్ర కావాలి. బర్మా బజారులో కొనుక్కొచ్చి చేతిసంచిలో దాచుకు తిరిగే ఆ జానెడు వస్తువు ఏం గొడుగు? "గట్టిగా ఒక్క గాలొస్తే తిరగబడి ఆకాశాన్ని చూస్తాది" అనేవాడు. అన్నంత పనీ అయ్యేది. తమిళుల ఐప్పసి నెలలో వానలు మొదలైన వారానికల్లా తిరగబడ్డ మడత గొడుగులు పట్టుకుని జనం అతని కొట్టు ముందు నిలబడేవాళ్ళు. గొణుక్కుంటూనే బాగుచేసి ఇచ్చేవాడు.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఆ సందు ఉంది గానీ, ఇంటి ముందర అరుగులన్నీ కొట్టేశారు. ఆ రోజుల్లో వానాకాలం వచ్చిందంటే అరుగు మీద ఆరబెట్టిన గొడుగులతో సందంతా నల్లగా ఉండేది. తడిసిన బట్ట వాసన, కూవం నది మురుగు వాసన, కోదండరాం పెళ్ళాం కోకిల వేసే మిరపకాయ బజ్జీల వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఒక గొడుగు కొంటే పదేళ్ళు. దాన్ని బస్సులో మర్చిపోతే ఇంట్లో మనిషి తప్పిపోయినంత గోల. ఇవాళ వాన వెలిసేలోగా గొడుగు పారేసుకుంటున్నారు, అడిగితే పోనిద్దూ అంటున్నారు. చెప్పి ఏం లాభం!

కొట్టు పెట్టింది కోదండరాం తండ్రి మునిస్వామి శెట్టి. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళయింది. పోయాక కొట్టూ, దానితో పాటు అమ్మ వాసవాంబ నోరూ, రెండూ కోదండరాం చేతికి వచ్చాయి. కొట్టు నడపడం తేలిక. వాసవాంబ ఒక మాట అనుకుందంటే దేవుడు దిగొచ్చినా వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఆ ఏడు, అంటే డెబ్బై మూడులో, ఆవిడ చెల్లెలు అలివేలుకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. తాంబరం పక్కన ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆర్నెల్లు ఉండాలన్నారు. అలివేలు ఒట్టి చెల్లెలు కాదు. వాసవాంబ కాపురానికి వచ్చేనాటికి నాలుగేళ్ళ తల్లిలేని పిల్ల; అక్క కొంగు పట్టుకుని అక్కతోపాటే అత్తారింటికి వచ్చేసింది. యాభై ఏళ్ళు దాటినా అక్క కలిపి పెట్టిన అన్నమే అన్నం. ఆసుపత్రి రొట్టె ఇస్తే పక్కమంచం వాళ్ళకు ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకునేది. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు: కడుపులో అన్నం లేకుండా ఆ మందు బిళ్ళలు వేసుకుంటే మనిషి నిలవదు.

అందుకని వాసవాంబ రోజూ వండుకుని, రెండు సంచులు చేత పట్టుకుని, పార్కు స్టేషనులో కరెంటు రైలెక్కేది. కోకిలకు నెలలు నిండుతున్నాయి, ఆ ఆసుపత్రికి పోరాదు. కోదండరాం పోతానంటే ఆవిడ కసిరింది. "ఐప్పసిలో గొడుగు కొట్టు మూసేవాణ్ణి నిన్నే చూస్తా వుండాను. కూర్చో ఆడ."

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆవిడ పట్టింపుతో వచ్చింది. రోగికి తీసుకుపోయే అన్నం గడప దాటాక రోగి ముందు దిగేదాకా నేల తాకకూడదు. స్టేషను బెంచీ నేల కింద లెక్క. రైలు సీటు పలక మీద పదిమంది చెప్పులు పెడతారు గనక అదీ నేలే. ఇంటి వస్తువు మీద దించితే మాత్రం ఇంట్లో దించినట్టే, దోషం లేదు. తాకిందా, ఆ అన్నం ఇక రోగికి పనికిరాదు, కాకులకు వేయాల్సిందే. ఈ పట్టింపు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. కాబట్టి ప్లాట్‌ఫారం మీద, కూర్చునే చోటు దొరకని రైల్లో, ఆసుపత్రి గేటు తీసేదాకా వరుసలో, మొత్తం రెండు గంటలకు పైగా సంచులు చేతిలోనే. దానికితోడు మోచేతికి వంకీ గొడుగు.

నెల తిరిగేసరికి వేళ్ళు వాచిపోయాయి. ఉంగరం సబ్బునీళ్ళతో తీయాల్సి వచ్చింది. ఒకరోజు సైదాపేట దగ్గర రైలు కుదిపితే వేళ్ళు పట్టు తప్పి సంచి కిందపడింది. ఒక్క మెతుకు ఒలకలేదు. అయినా ఆవిడ తర్వాతి స్టేషనులో దిగి, అన్నం కాకులకు వేసి, ఇంటికి తిరిగొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. మర్నాడు వెళితే అలివేలు అన్నదట: "గేటు మూసేదాకా చూస్తానే వుండాను అక్కా. నీకేమైనా అయిందేమో అనుకున్నాను." ఆ మాట కొడుకుతో చెప్తూ వాసవాంబ ఏడ్చింది. మొగుడు పోయిన పన్నెండు రోజులూ ఏడవని మనిషి.

కోదండరాం ముందు పౌరుషం దిగమింగి ఒక మడత గొడుగు తెచ్చాడు, మోచేతి బరువన్నా తగ్గుతుందని. దాని తొడుగుకు పట్టీ కుట్టి భుజానికి తగిలించాడు. వానలో గొడుగు విప్పాక ఆ తొడుగు ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. దానికీ ఒక పని చెప్తే? తొడుగు పొడవునా గొట్టాల్లాగా కుట్టి, నాలుగు ఊచలు దూర్చి, జతజతగా మధ్యలో మేకు బిగిస్తే? గొడుగు బయటికి తీసి, పక్క గుండీలు విప్పి, కాళ్ళు ఎడం చేస్తే చిన్న పీట అవుతుంది. సంచులు దాని మీద. పనైపోయాక మడిచి మళ్ళీ గొడుగు అందులోనే. ఇంట్లో కుట్టిన వస్తువు, ఇంటి వస్తువే. అమ్మ కాదనడానికి లేదు.

ఆలోచన బాగుంది, ఊచలు బాగాలేవు. మడత గొడుగు ఊచలతో ఒకటి చేసి, దాని మీద రోలు పొత్రం పెట్టి చూశాడు. కాళ్ళు నాలుగు దిక్కులకూ వంగి కూలబడింది. కోకిల వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "పొత్రానికి పెళ్ళిపీట చేస్తా వుండారా? ముహూర్తం ఎప్పుడో చెప్తే చీర కట్టుకుంటాను." కోదండరాం ఇంకో మూడు చేశాడు. మూడూ కూలాయి.

పాతకాలపు ఉక్కు కావాలి. అది కొట్టు అటక మీద ఉంది. అటక మీద ఉన్నవన్నీ దానం గొడుగులు.

ఇది కాస్త విప్పి చెప్పాలి. మనిషి పోతే పన్నెండో రోజు పురోహితుడికి గొడుగు, చెప్పులు దానమిస్తారు. పోయినవాడికి దారిలో ఎండ తగలకూడదని. పేటలో ఆ దానాలన్నీ జనార్దనం అయ్యవారికే. ఒక మనిషికి ఎన్ని గొడుగులు కావాలి? నాలుగైదు పోగవగానే కట్టగట్టి శెట్టి కొట్టులో ఇచ్చేసేవాడు. మునిస్వామి శెట్టి వాటిని కొత్తవని అమ్మేవాడు కాదు, విప్పి ఊచలు ఊళ్ళోవాళ్ళ మరమ్మతులకు వాడేవాడు. ఎవరి గొడుగో వాళ్ళకే చేరకుండా చూసుకునేవాడు. తన ఇంటికి మాత్రం ఒక్క పుల్ల రానిచ్చేవాడు కాదు. దానంగా పోయింది తిరిగి గడప తొక్కకూడదు. ఆ విషయంలో మొగుడూ పెళ్ళాం ఇద్దరిదీ ఒకే మాట.

అమ్మకు తెలిస్తే గదా అనుకున్నాడు కోదండరాం. మధ్యాహ్నం ఆవిడ రైల్లో ఉండే వేళ చూసి, అటక మీది కట్టలోంచి చేతికి బరువుగా తగిలిన గొడుగు లాగాడు. బట్ట చించాడు. ఒక్కో ఊచకు ఇత్తడి తీగ చుట్టి ఉంది. ఎడమవైపుకు చుట్టి ఉంది. చివర పంటితో నొక్కిన ముడి.

పేటలో ఎడమచేత్తో తీగ చుట్టే గొడుగు పనివాడు ఒక్కడే. అది మునిస్వామి శెట్టి ఆఖరున చేసిన గొడుగు. కొట్టులో అంతకంటే మంచిది లేదని, పన్నెండో రోజున కోదండరామే దాన్ని తండ్రి పేరున ధారపోశాడు. ఎప్పుడో అయ్యవారి కట్టలో కలిసి తిరిగి వచ్చింది. కట్ట విప్పి చూసుకోలేదు, అదీ పొరపాటు. ఊళ్ళోవాళ్ళందరి గొడుగుల మీదా చూపు పెట్టే కొట్టు తన సొంత గొడుగును చూసుకోలేదు.

చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ కట్టలో పెట్టేద్దామనుకున్నాడు. ఇంతలో అమ్మ ఇంటికొచ్చింది. చేతిసంచీ మూతి ముడి విప్పుకోలేక పంటితో లాగుతోంది. అది చూశాక మర్నాడు ఆ ఊచలు కోశాడు. తీసేయడానికి చెయ్యి రాక ఆ తీగ ముడుల మీద రెండు మడతల ఖాకీ గుడ్డ వేసి దట్టంగా కుట్టాడు. పొత్రం పెడితే పీట కిక్కురుమనలేదు.

"ఈ ఊచలు యాడివిరా?" అంది వాసవాంబ.

"కొట్టులోవే అమ్మా."

అది అబద్ధం కాదు. నిజం మాత్రం అవుతుందా?

ఆ రోజు నుంచి పార్కు స్టేషనులో వాసవాంబ దర్జా చూడాలి. గొడుగు తీసి, గుండీలు విప్పి, కాళ్ళు ఎడం చేసి, సంచులు దించి, చేతులు కట్టుకుని నిలబడేది. ఆఫీసు ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఎక్కడ కొన్నారని తమిళంలో అడిగేవాళ్ళు. "నా కొడుకు చేసినాడు" అని తెలుగులోనే చెప్పేది. అలివేలుకు ఒంట్లో కాస్త నెత్తురు పట్టింది. వాసవాంబ వేళ్ళ వాపు తీసింది. కోదండరాం ఒక్కడే ఆ పీట వైపు చూసేవాడు కాదు.

అమావాస్య నాడు గొడుగు కొట్టుకు సెలవు. పనిముట్లు తాకరు. ఆ అమావాస్యకు కోదండరాం తానూ వస్తానన్నాడు, చిన్నమ్మను చూసి రెండు నెలలైందని. ప్లాట్‌ఫారం మీద వాసవాంబ ఎప్పటిలాగే పీట విప్పి సంచులు దించింది. వానకు నానీ ఎండకు ఎండీ ఖాకీ గుడ్డ కుట్టు ఒకచోట విడిపోయి ఉంది. సరిచేద్దామని వంగింది. వంగిన మనిషి లేవలేదు.

వేలితో ఆ ముడిని తడిమింది. ఎడమవైపుకు తిరిగిన తీగ వెంట వేలు కూడా ఎడమవైపుకు తిరిగింది.

"ఇది ఆ గొడుగు" అంది.

"అమ్మా, తెలిసే చేసినాను. వేరే ఊచలు ఆగలేదు. నీ చేతులు చూసి..." అన్నాడు కోదండరాం.

తాంబరం రైలొచ్చింది. వాసవాంబ ఎక్కలేదు. రైలు వెళ్ళిపోయింది. సంచులు పీట మీదే ఉన్నాయి, ఆవిడ చూపు సంచుల మీదే ఉంది. గేటు అయిదింటికి మూస్తారు. ఇంకొక్క రైలుంది, అది పోతే అలివేలుకు ఇవాళ అన్నం లేదు. అన్నం లేనిదే బిళ్ళ వేసుకోరాదు. ఈ ఒక్కరోజే కాదు, పీట వద్దందంటే రేపటి మాటేమిటి, ఆ చేతులు ఎన్నాళ్ళు మోస్తాయి? ఆ సంచులు ఎత్తి కాకులకు వేసేస్తుందేమోనని కోదండరాం భయం. తప్పు చేశానని ఉంది, మళ్ళీ చెయ్యమన్నా ఇదే చేస్తానని కూడా ఉంది.

రెండో రైలు కూత వినబడింది. అప్పుడు నోరు విప్పింది.

"నలభై రెండేళ్ళు కాపురం చేసినాను మీ నాయనతో. కొత్తవాల్ చావడి నించి రెండు చేతులా కూరగాయల సంచులు నేను మోసుకొస్తా వుంటే, గొడుగు తిప్పుకుంటా ముందర నడిచేవాడు. ఈ సంచి ఇట్లా ఇయ్యి అని ఒక్కనాడు అన్లేదు."

వాసవాంబ పీట కాలు మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు మోస్తా వుండాడు" అంది. "మోయనీ. మళ్ళీ దానం మాట నా ముందర ఎత్తొద్దు. మీ నాయన ఇంటి వస్తువు కాకుండా పోతాడా?"

సంచులు కొడుక్కిచ్చి, పీటను తానే మడిచి, అందులో గొడుగు పెట్టి భుజాన వేసుకుంది. ఆడవాళ్ళ పెట్టె ఎక్కేముందు సంచులు తీసుకుంది. పక్కపెట్టెలో కడ్డీ పట్టుకుని నిలబడ్డ కోదండరాం సైదాపేట దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ఎవరైనా చూస్తారన్న ఆలోచన కూడా లేదు. ఆ రోజు అలివేలు మారు వడ్డించుకుంది.

ఎండలు ముదిరే చిత్తిర నెలలో అలివేలు ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత కూడా వాసవాంబ ఆ పీట లేకుండా గడప దాటలేదు. గుడికైనా, రేషను వరుసకైనా అదే. మేకులు తుప్పుపట్టి కాళ్ళు తెరుచుకోనప్పుడు తిన్నగా కొట్టులోకి వచ్చి, బేరం మీద ఉన్నవాళ్ళని కూడా చూడకుండా, దాన్ని కొడుకు ముందు పెట్టేది.

"మీ నాయనకి మోకాళ్ళు పట్టేసినాయి రా. రెండు చుక్కలు నూనె వేసియ్యి."