ఢిల్లీ, ఉమ్మడి బావి

ఇప్పుడు నేను పాఠాలు చెప్తున్న ఈ భూపాలపల్లి బడిలో ఉద్యోగం కోసం నమూనా పాఠం చెప్పాల్సిన రోజున, పరకాలలోనే బస్సు దిగి జనగామకు తిరిగెళ్లిపోవాలనుకున్నానని ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. పదిమంది ముందు నాకు గొంతు పెగలదు.

భూపాలపల్లి బస్సులో నా పక్కన టేకుమట్ల ఊరి అవ్వ ఒకామె కూర్చుంది. పాఠం కోసం నేను ఒళ్లో పెట్టుకున్న పటం చూసి, "గిదేంది బిడ్డా?" అంది.

"ఢిల్లీ, అవ్వా. అసెంబ్లీ ఉంది, ముఖ్యమంత్రి ఉంటరు. పోలీసులు, భూమి మాత్రం కేంద్రం చేతిల ఉంటయి."

"గట్లెందుకు?"

"దేశమంతటికీ రాజధాని కదా. ఒక్క రాష్ట్రం చేతికే ఇయ్యలే."

"మా బాయి లెక్క. మా ఇంట్ల అన్నదమ్ములు భూమి పంచుకున్నరు గని బాయి పంచుకోలే. ఒక్కని పేర జేస్తే మిగిలినోళ్ల పొలాలు ఎండుతయ్." అవ్వ నవ్వింది. "బాయికాడ ఉండెటోనికి మాత్రం రోజూ లొల్లే."

నేనూ నవ్వాను. పుస్తకం ఎన్నిసార్లు చదివినా నాకు అంత తేటగా అర్థం కాలేదు. పటం మీద యమునను, అటూ ఇటూ ఉన్న ఉత్తరప్రదేశ్‌నూ హర్యానానూ చూపిస్తూ, ఎక్కడికి, ఎందుకు పోతున్నానో కూడా చెప్పేశాను.

పరకాల వచ్చింది. అవ్వ సంచి తీసుకుని లేచింది. నేనూ బ్యాగు పట్టుకుని లేచాను.

"నువ్వెందుకు లేస్తున్నవ్? భూపాలపల్లి ఇంక రాలే. కూసో బిడ్డా, నాకు జెప్పినట్టే ఆళ్లకు జెప్పు."