సైమీ కార్పినెన్‌కు ఐదుకు ఒకటి

కైనూ అడవులలోని మా హుహ్తివారా గ్రామంలో డెబ్బది తొమ్మిదేళ్ల సైమీ కార్పినెన్‌ను ఎరుగనివారు లేరు. బడి వంటశాలలో ముప్పది సంవత్సరాలకు పైగా ఆమె ప్రతి గురువారం బఠాణీ సూపు వండినది. రుచి ఎట్లున్నదని అడిగినవారికి “తినొచ్చు” అని బదులిచ్చేది. తన వంటకు ఆమె ఇచ్చిన అత్యున్నత ప్రశంస అదియే. ఆ మాట కూడ ఎక్కువైనదేమోనని ఒకసారి మరునాడంతా తల దించుకొని తిరిగినట్లు చెప్పుదురు.

మా ప్రాంతపు మర్యాద అట్టిది. తన్ను తాను మెచ్చుకొనడం ఇక్కడ నలుగురిలో గోళ్లు కత్తిరించుకొనడం వంటిది.

గ్రామంలో బ్యాంకు మూతపడిన తరువాత, వృద్ధులకు అంతర్జాల వినియోగం నేర్పుటకు జిల్లా నిధివారు ఒక సంవత్సరానికి ధనసహాయం మంజూరు చేసిరి. గ్రంథాలయంలో గురువారపు తరగతి, పన్నెండు ట్యాబులు, పన్నెండుగురు అభ్యర్థులు, మర్యుక్క అను యువ ఉపాధ్యాయిని. ఏడాది తిరుగునప్పటికి సైమీ కరెంటు బిల్లు స్వయంగా చెల్లించుచు, మందులు తెప్పించుకొనుచు, ఊలు నగరంలోని చెల్లెలితో ముఖాముఖి మాట్లాడుచుండెను. మొదటి మూడు వారాలు ఆ చెల్లెలికి వంటింటి పైకప్పు మాత్రమే కనబడినది. ఆమె మర్యాదస్తురాలు గనుక ఏమియు అనలేదు.

సంవత్సరాంతమున నిధివారు ఒక ప్రశ్నాపత్రం పంపిరి. తమకు అబ్బిన నైపుణ్యమునకు అభ్యర్థులే ఒకటి నుండి ఐదు వరకు మార్కులు వేసుకొనవలెను. సైమీ చాలసేపు ఆలోచించి ఒకటి వేసుకొనెను. తక్కినవారును అట్లే చేసిరి. దుంగల లారీ విశ్రాంత డ్రైవరు ఉర్హో తెర్వోనెన్‌కు ఒకటి కూడ గర్వముగా తోచినందున, వ్యాఖ్యల గడిలో ‘సున్న’ అని వ్రాసి క్షమాపణ కోరెను. ఈ పత్రాలన్నిటిని వారు ఎవరి సహాయము లేకుండ ట్యాబుల మీదనే పూరించి పంపిరి.

జవాబు వచ్చినది. సదరు శిక్షణ వలన ప్రయోజనమేమియు చేకూరలేదనియు, ఒక అభ్యర్థికి ఉన్న తెలివి సైతం తరిగినదనియు అభ్యర్థుల మాటల వలననే రుజువగుచున్నందున, మే నెలాఖరుతో నిధులు నిలుపుదల చేయడమైనది. అభ్యంతరములుండిన రెండు వారాలలో తెలుపవలెను.

అందరికంటె ఎక్కువ కలవరపడినది సైమీ. బ్యాంకువారు అంతర్జాలమున ఖాతాలోనికి ప్రవేశించు పద్ధతిని ఏడాదిలో రెండుమార్లు మార్చిరి. మూడవమారు మార్చినప్పుడు తరగతి లేకున్న, తొంబది కిలోమీటర్ల దూరపు బ్యాంకుకు పోయి ముక్కు మొహం తెలియనివారిని సహాయం అడగవలెను. సహాయం అడుగుట కంటె చీకటిలో కూర్చొనుట మేలని ఆమె నిశ్చితాభిప్రాయం.

మర్యుక్క బతిమాలుకొన్నది. “సైమీ గారూ, మీకు ఐదు రావాలండీ. పోనీ నాలుగైనా వేసుకోండి.”

“నాలుగా? రేపు కొట్టుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావమ్మాయ్?”

అభ్యంతరపత్రం వ్రాయుటకు అందరు కాఫీతో కూర్చొనిరి. రెండు కెటిళ్లు ఖాళీ అయినను ఒక్క వాక్యము పుట్టలేదు. ఒకరినొకరు మెచ్చుకొనుటకును వీలు లేదు. మెచ్చుకోబడినవాడు లేచి ఇంటికి పోవును. చివరకు ఉర్హో విసిగి నోరు తెరిచెను.

“ఈ సైమీతో వేగలేకపోతున్నా. నా పాస్‌వర్డు పిల్లకాయ కూడా కనిపెట్టేస్తాడని నలుగురిలో పరువు తీసింది. తప్పు నొక్కేలోపే వెనకనుంచి చెయ్యి పట్టుకుంటుంది. మా ఆవిడ కూడా ఇంత సతాయించలేదు.”

“నువ్వు పంపే చేప ఫోటోల మాటేంటి? రోజుకి పదకొండు. అన్నీ ఒకటే చేప,” అన్నది సైమీ.

“వెలుతురు వేరు.”

సైమీ కప్పు క్రింద పెట్టెను. పొగడ్త నిషిద్ధమే గాని, పొరుగువారి మీద ఫిర్యాదునకు మా గ్రామంలో ఏనాడును అభ్యంతరం లేదు. “మర్యుక్కా, ఇదంతా రాసుకో,” అన్నది.

ఆ పిమ్మట ఎవరిని ఆపుట సాధ్యము కాలేదు. ఒకరు తెల్లవారకముందే బిల్లులు కట్టి తక్కినవారిని సోమరులనుచున్నారట. ఒకరు డాక్టరు అపాయింట్‌మెంట్లన్నియు ముందే పట్టుకొనుచున్నారట. ఏడు పుటల ఫిర్యాదు నిధివారికి చేరినది.

దానిని కూలంకషంగా పరిశీలించిన నిధివారు శిక్షణను మరి రెండేళ్లు పొడిగించిరి. అడగకున్నను అందరి తప్పులను దిద్దుచున్నట్లు ఆరు ఫిర్యాదులు ఏకగ్రీవంగా తెలుపుచున్నందున, సైమీ సహాయ ఉపాధ్యాయినిగా నియమింపబడినది. అయితే తాను ఆ పనికి యోగ్యురాలనని ఆమె వ్రాతపూర్వకంగా తెలుపవలెను.

సైమీ ఆ ఉత్తరమును మూడు రోజులు రొట్టెల డబ్బా క్రింద పెట్టినది. ఆ వాక్యము క్రింద సంతకం పెట్టుట తన వల్ల కాదని, వేరొకరిని చూచుకొమ్మని కబురంపినది.

నాలుగవనాడు ఉర్హో పదకొండు సంతకములు గల కాగితంతో ఆమె గుమ్మంలో నిలబడెను. అందులో ఇట్లున్నది: “యోగ్యులైనవారి కొరకు గ్రామమంతయు వెదకితిమి. ఎవరును దొరకనందున సైమీతో సరిపెట్టుకొనుచున్నాము.”

సైమీ రెండుమార్లు చదివినది.

“ఇది ఉన్న మాటే,” అని దాని క్రిందనే సంతకం చేసినది.