తియోఫిల్ మూడు దెబ్బలు

న్యూ ఆర్లీన్స్‌లో మా వీధి తియోఫిల్ యాభై రెండేళ్ళు బ్యాండులో పెద్ద డోలు మోశాడు. వాళ్ళ తాత కట్టిన జాజ్ బ్యాండు అది. డోలు చర్మం ఎన్నిసార్లు మార్చినా దాని మీద ఆ తాత పేరే రాయించేవాడు. పగలు ఇళ్ళ పైకప్పులు వేసే పని. సాధన మాత్రం సోమవారమే. ఆ రోజు ఇంటింటా ఎర్ర చిక్కుడు గింజలు ఉడుకుతాయి. అవి మెత్తబడేదాకా వాయించుకోవచ్చు.

బాకా ఊదే లూసియన్ పోయిన రోజున తియోఫిల్ మెట్ల మీద కూలబడి, "వాణ్ణి సాగనంపి డోలు దించేస్తా. ఇంక బ్యాండూ లేదు, గీండూ లేదు" అన్నాడు. లూసియన్ కూతురు క్లోతిల్డ్ ఆ మాట వింది. ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆమెది. తండ్రి బాకా తుడుస్తూ కూర్చుంది.

మా దగ్గర శవం వెంట శ్మశానం మలుపుదాకా బ్యాండు నెమ్మదిగా, ఏడుస్తున్నట్టు వాయిస్తుంది. అక్కడ ఆగి, చనిపోయినవాణ్ణి వదిలేస్తుంది. పెద్ద డోలు మీద మూడు దెబ్బలు పడగానే పాట పరుగందుకుంటుంది, జనం ఆడుతూ వెనక్కి మళ్ళుతారు.

ఆ శనివారం లూసియన్‌ని సాగనంపుతుండగా ఆ మలుపు వచ్చింది. తియోఫిల్ ఆగలేదు. అదే నెమ్మది దరువుతో శవపేటిక బండి వెనకే నడిచాడు. ఏం చెయ్యాలో తెలియక బ్యాండంతా ఆయన వెంటే గేటు కూడా దాటేసింది.

లూసియన్ భార్య ఎర్నెస్టీన్ గబగబా పక్కకొచ్చింది.

"ఏమయ్యా మరిదీ, సమాధిలోకి కూడా దిగుతావా ఏం?"

"చెయ్యి రావట్లేదు వదినా. ఆ మూడూ కొడితే వాడు నిజంగా పోతాడు."

"సాధన సాధన అని యాభై ఏళ్ళు ఆయన్ని ఇంటికి ఆలస్యంగా పంపావు. ఇవాళ దేవుడి దగ్గరికి కూడా ఆలస్యమేనా?"

తియోఫిల్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. నిలబడిపోయాడు. బండి ఒక్కటే సమాధుల మధ్యకి వెళ్ళిపోయింది. అది కనబడేంతసేపూ చూసి, తండ్రి బాకా పట్టుకుని నిలబడ్డ క్లోతిల్డ్ వైపు తిరిగాడు.

"మీ నాన్నలా తొందరపడి పాట ఎత్తుకోకు తల్లీ."

"ముందు నువ్వు కొట్టు బాబాయ్."

కొట్టాడు. మూడూ.

క్లోతిల్డ్ తొందరపడే ఎత్తుకుంది, అచ్చం తండ్రిలాగే. ఆటకని జనం తెచ్చుకున్న గొడుగులు గాల్లోకి లేచాయి. వీధంతా ఆడుతూ వచ్చాం. ఇంటి దగ్గర డోలు అందుకోబోయాను, దించుతాడేమోనని. తియోఫిల్ నా చెయ్యి పక్కకి నెట్టి, ఎర్నెస్టీన్‌ని అడిగాడు:

"వదినా, సోమవారం గింజలు మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?"