పవర్ స్టీరింగూ, పక్కవాళ్ళ చెరువూ

మా పాత పికప్ ఇప్పుడు వేలితో తిప్పితే తిరుగుతుందండీ. ఎంత బాగా తిరుగుతుందంటే, మొన్న రోడ్డునే వదిలేసి తిరిగింది! నవ్వకండి, ముందు టీ తాగండి, చెబుతాను.

కొల్లేరు గట్ల మీద చేపల మేత మోసీ మోసీ ఆ బండి ఎంత తుప్పు పట్టిందంటే, డ్రైవరు సీట్లో కూర్చుంటే కాళ్ళ కింద రోడ్డు కనిపించేది. ఓసారి ఆ కన్నంలోంచి ఒక కప్ప ఎక్కి, మాతో పాటే గుండుగొలను వచ్చి, అక్కడ దిగి వెళ్ళిపోయింది. ఒట్టు! ఇక స్టీరింగంటారా, నేనూ మా ఇలవేల్పూ కలిసి లాగితే గానీ కదిలేది కాదు. మలుపు అల్లంత దూరాన ఉండగానే పని మొదలుపెట్టాలి. పైట దోపి, కాలు తన్నిపట్టి, పళ్ళు బిగించి, ఒళ్ళంతా అటు వాల్చేస్తే, మలుపు వచ్చేసరికి బండి మెల్లిగా ఒప్పుకునేది. మా టైలరు జాకెట్టు కొలత తీసుకుంటూ, "అమ్మగారూ, ఈ వయసులో కుస్తీ ఏమైనా నేర్చుకుంటున్నారాండీ?" అని అడిగాడు!

అయినా నా కాళ్ళంటే ఆ బండేనండీ. మోకాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి. అది లేకపోతే నా చెరువు నేను చూసుకోవాలన్నా ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాలి.

అందుకే ఏలూరులో మెకానిక్ మస్తాన్‌కి అప్పగించాను. ఇంజను విప్పి బిగించాడు, అడుగున కొత్త రేకు వేశాడు, ఎక్కడో మూలపడ్డ ఇంకో బండి స్టీరింగు బాక్సూ పంపూ తెచ్చి దీనికి పవర్ స్టీరింగు పెట్టాడు. రంగు వేసేసరికి పెళ్ళికూతురే!

"పాత అలవాటు మర్చిపోండమ్మగారూ. ఊరికే అలా ముట్టుకుంటే చాలు" అన్నాడు.

"నాకు నేర్పుతావా! నువ్వు స్పానరు పట్టకముందే నేను స్టీరింగు పట్టాను" అన్నాను. అక్కడే నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

మా అబ్బాయి సూరి బండిని గుండుగొలను దాకా తోలుకొచ్చాడు. వెనకాల తవుడు బస్తాలు. అక్కడ తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వచ్చిన మా వియ్యపురాలు సుభద్రగారు పట్టుచీరలో నిలబడి ఉన్నారు. ఆవిడ ముందు నేను పక్క సీట్లో కూర్చోవడమా?

"దిగరా, నేను నడుపుతాను" అన్నాను.

"అమ్మా, బండి మీద ఒక్క గీత పడిందంటే తాళం నాది. మళ్ళీ అడక్కూడదు మరి!"

"సరేలేరా, ఎక్కు వెనకాల!"

వాడు బస్తాల మీద కూర్చున్నాడు. సుభద్రగారు హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని, "మీకు భయం లేదా వదినగారూ?" అన్నారు.

"విమానంలా తీసుకెళతాను, చూడండి!"

హైవే దిగి గట్టు రోడ్డెక్కాం. తిన్నటి రోడ్డు. బండి వెన్నలా పోతోంది. దూరంగా ఎడమ మలుపు కనిపించింది. అంతే! బుర్ర మర్చిపోయింది గానీ, చేతులు మర్చిపోతాయా? పైట దోపాను, కాలు తన్నిపట్టాను, పళ్ళు బిగించి, ఒళ్ళంతా వాల్చి, పాత బండిని లాగినట్టు ఒక్క లాగు లాగాను.

మలుపు ఇంకా అక్కడే ఉంది. మేం మాత్రం చెరువులో ఉన్నాం!

ముందు చక్రాలు నీళ్ళలో, వెనక చక్రాలు గట్టు మీద. పెద్ద దెబ్బలేం తగల్లేదు లెండి. బస్తాలతో సహా సూరి జారి నడుము లోతు నీళ్ళలో నిలబడ్డాడు. క్యాబిన్లోకి నీళ్ళు మెల్లిగా వస్తుంటే సుభద్రగారు పట్టుచీర ఎత్తి పట్టుకుని, "నీళ్ళ మీద దిగే విమానమని ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు. ఎంత మర్యాదో ఆవిడకి!

ఆ చెరువు మాది కాదు, పక్కాయన రంగారావుగారిది. మా వైపు బస్తాలకి చిల్లులు పెట్టి, నీళ్ళలో కర్రలకి వేలాడదీస్తే చేపలు మేత తింటాయి. అంటే బస్తా నీళ్ళలో పడిందంటే వాటికి భోజనాల పిలుపే. ఇక చూడండి, చెరువులో ఉన్న చేపలన్నీ సూరి చుట్టూ పంక్తి కట్టేశాయి. కొన్ని వాడి లుంగీ రుచి కూడా చూశాయి!

రంగారావుగారు పరుగెత్తుకొచ్చి, నన్నూ బండినీ చేపల్నీ చూసి, "మేత వెయ్యడానికి పడవ ఉంది కదండీ అక్కగారూ! బండి వేసుకొచ్చారేంటండీ?" అన్నారు.

ట్రాక్టరు పెట్టి లాగించారు. సూరి బండి చుట్టూ తిరిగి, వంగి, బురద కడిగి మరీ వెతికాడు. బురద మెత్తన కదండీ, ఒక్క గీత లేదు!

"గీత చూపించరా" అని చెయ్యి చాపాను. పళ్ళు నూరుకుంటూ తాళం నా చేతిలో పెట్టాడు. గీత అన్నాడు గానీ, చెరువు అన్లేదుగా!

బండి నాదే. కాకపోతే సూరి మోటారు సైకిల్ మీద వస్తున్నాడు, సుభద్రగారు ఆటోలో వస్తున్నారు. నా బండి చప్పుడు వినపడగానే రంగారావుగారి చెరువులో చేపలు మాత్రం ఆ మలుపు దగ్గరికి బిలబిలా వచ్చేస్తున్నాయట. పోనీలెండి, నా డ్రైవింగ్ మీద నమ్మకం పెట్టుకున్న ప్రాణులు అవైనా మిగిలాయి!