మీటరు కింద పీట వేసుకున్న మా యారాలు

మా యారాలు పోయింది. పాలమూరులో మా తల్లిగారింట్లో ఉండగా బస్సు డ్రైవరుతో కబురు పంపారు. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. తోటికోడలిని మా వైపు యారాలంటాం. యారాళ్లంటే ఒక పొయ్యి దగ్గర కూర్చుని ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకునే వాళ్లని లోకం అనుకుంటుంది. మేమూ నూరుకున్నాం, కాదనను. కానీ ఈ రోజు నా నుదుట బొట్టు ఉందంటే అది ఆమె మొండితనం వల్లే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి చిట్యాలకు అవతల ఉన్న మా ఊరికి కరెంటు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. యారాలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇంటికి ఎవరు పని మీద వచ్చినా అక్క ఊరికే వదిలేది కాదు. గాజులామెను, బావి పూడిక తీసేవాళ్లను, పశువుల డాక్టరును, అందరినీ నిలేసి వాళ్ల పని గురించి అడిగేది. ఆ ధ్యాసలో జొన్నరొట్టె మాడేది. ఆమె భర్త, అంటే మా బావ, కసురుకుంటే "అడిగితే నోరు అరుగుతదా?" అనేది. మాడిన రొట్టె మాత్రం నా పళ్లెంలోకే వచ్చేది.

మీటరు పెట్టడానికి వచ్చిన లైన్‌మన్‌ను కూడా అలాగే పట్టుకుందట. మజ్జిగ చేతికిచ్చి, ఈ డబ్బా ఏం చేస్తుంది, దానికి సీసపు ముద్ర ఎందుకు అని ఒకటే ప్రశ్నలు. అతను చెప్పినవన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ముద్ర తెంపితే కరెంటు దొంగతనం కింద కేసు రాస్తారు. మీటరును జరపాలంటే ఆఫీసువాళ్లే వచ్చి జరపాలి, ఇంటివాళ్లు చేయి పెట్టకూడదు. పండుగకు గోడలు అలికేటప్పుడు నేను తడిచేత్తో అటువైపు పోతే చాలు, "చెయ్యి దీయ్!" అని కేక వేసేది.

తర్వాతి ఏడు మా అత్తమ్మ పోయింది. ఆ వెనకే ఒక ఎద్దు చచ్చింది. వాకిలి వాస్తుకు కుదరలేదని, దర్వాజ, అంటే ద్వారబంధం, జరిపి పెట్టాలని అయ్యగారు చెప్పారు. ఆయన చూపించిన చోటే మీటరు ఉంది. బావ కరెంటాఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. ముహూర్తం రోజు పొద్దెక్కినా లైన్‌మన్ జాడ లేదు. వడ్రంగం చేసే వడ్లాయన కొత్త దర్వాజకు పసుపు రాయించి గోడకు ఆనించి పెట్టాడు.

"నాలుగు మొలలు పీకి పక్క గోడకు కొట్టుడే గదా" అన్నాడు మా ఆయన. బావి మీది ఆయిలింజను విప్పి బిగించిన చేయి, ఆ చేతికి భయం లేదు. "కింద మెయిన్ బంద్ జేస్త. ఇగ కరెంటు ఎక్కడిది?"

ఆయన నిచ్చెన తెచ్చేలోపు అక్క పీట తెచ్చి మీటరు కింద వేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"లెవ్వు వదినె, ముహూర్తం దాటిపోతది."

"పోనీ. ఇంకోటి పెట్టించుకుందం. నువ్వు పోతే నిన్ను ఏ అయ్యగారు మల్ల తెచ్చిస్తడు?"

బావకు కోపం వచ్చింది. "ఇల్లు ఆగమైతాంటే పీటేసుకొని కూసుంటవా? మెయిన్ బంద్ జేస్త అంటుండు గదా!"

"మడికి నీళ్లు బంద్ జేస్తే కాల్వ ఎండుతదా? కంబం కాడికెల్లి మీటరు దాక వచ్చే తీగెల కరెంటు ఉండనే ఉంటది. మెయిన్ దాని తర్వాత ఉన్నది. గా లైన్‌మన్ అందరి ముంగట చెప్పిండు, మీరు ఇనలే."

మాటకు మాట పెరిగింది. బావ చేయి పట్టుకుని గుంజేలా ఉన్నాడు. అక్క నన్ను పిలిచింది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను.

"చెల్లె, గిట్ల వచ్చి కూసో. నేను చిట్యాల పోయి గా లైన్‌మన్‌ను తోల్కస్త. ఎవరేమన్నా లెవ్వకు."

ఆమె ఎత్తు నాకు అప్పుడే అర్థమైంది. బావ తన పెళ్లాన్ని లేపగలడు కానీ తమ్ముడి భార్యను తాకడు, నీడ కూడా తొక్కడు. ఇక మిగిలింది మా ఆయన. ఆఫీసు గడప తొక్కి ఎరుగని మనిషి కొంగు నడుముకు దోపుకుని సడక్ వైపు పోతుంటే, నేను కూర్చోకపోతే ఎట్లా? పోయి పీట మీద కూర్చున్నాను.

"నువ్వు గూడనా? లెవ్వు!" అన్నాడు మా ఆయన.

"అక్క వచ్చేదాక లెవ్వ."

ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. తర్వాత అలవాటైపోయింది లెండి. ఆయన ఒక అడుగు ముందుకేశాడు, నా పొట్ట చూసి ఆగిపోయాడు. బావ వాకిట్లో తిరుగుతూ అక్కను తిడుతూనే ఉన్నాడు. ముహూర్తం దాటిపోయింది. వడ్లాయన బీడీ ముట్టించి అరుగు మీద చతికిలపడ్డాడు.

పొద్దు వాలకముందే అక్క వచ్చింది. వెనకాల సైకిలు నడిపించుకుంటూ లైన్‌మన్. "నువ్వు లేస్తెనే నేను లేస్త అని ఆఫీసుల కూసున్నదమ్మా" అని అతనే నాతో మొర పెట్టుకున్నాడు.

మా ఆయన మెయిన్ బంద్ చేసి "ఇగ దీన్ల ఏమున్నదన్నా?" అన్నాడు. లైన్‌మన్ నన్ను పీటతో సహా పక్కకు జరగమని, నిచ్చెన ఎక్కాడు. మీటరులోకి వచ్చే తీగెలకు పరీక్ష బల్బు ఆనించాడు. బల్బు వెలిగింది. తర్వాత స్తంభం ఎక్కి ఫ్యూజు తీసి వచ్చి మళ్లీ ఆనించాడు, ఈసారి వెలగలేదు. అప్పుడు గాని మీటరు మీద చేయి వేయలేదు. మీటరు ఊడదీసి చూస్తే వెనక గోడంతా చెమ్మ. తీగె మీది తొడుగు కుళ్లి రాగి బయటపడి ఉంది. పెట్టెను పట్టుకునే చేయి సరిగ్గా అక్కడికే పోతుంది. మా ఆయన తన అరచేయి చూసుకున్నాడు.

నేను చెప్పిన్నా లేదా అని అక్క ఒక్కమాట అనలేదు. నన్ను చేయి పట్టి పీట మీంచి లేపి "అన్నం తిన్నవా చెల్లె?" అని అడిగింది. తినలేదంటే తనే కలిపి పెట్టింది. దర్వాజ వేరే ముహూర్తానికి నిలబెట్టారు. ఆ తర్వాత ఇంట్లో అంతా బాగుందంటే అది దర్వాజ మహిమేనంటాడు బావ. నేను మీటరు వైపు చూస్తాను.

నేను ఊరు చేరేసరికి పాడె లేచింది. ముందు భుజం మా ఆయనదే. దింపుడు కల్లం దాకా ఆడవాళ్లమూ వెంట నడిచాం. పాడె దించాక, ప్రాణం తిరిగి వస్తుందేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం ఆచారం. అక్కకు కొడుకుల్లేరు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, వంగి, "వదినె" అన్నాడు. మూడుసార్లూ అయ్యాయి. పొద్దు పోతున్నదని పెద్దవాళ్లు పాడె ఎత్తడానికి చేతులు వేశారు.

"జర ఆగుండ్రి" అని, ఆయన లేవకుండా ఆమె చెవి దగ్గర మళ్లీ పిలుస్తూనే ఉన్నాడు.