మా కోడలి చదువు వేళ

మా కోడలికి చదువుకోవడానికి రోజు మొత్తంలో ఒక్క వేళ దొరికింది. దాన్ని కూడా మా చర్చి సంఘం వాళ్ళు మిగల్చలేదు. శత్రుత్వంతో చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. ప్రేమతో చేశారు. అందుకే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. కొడుక్కి మీసాలొచ్చాక, మా మందిరం వరండాలో ఆడవాళ్ళకి పెట్టిన తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. పగలంతా పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి, ఆ నూనెకి పొక్కిన వేళ్ళతో పలక పట్టేదాన్ని. పెళ్ళిళ్ళ రోజుల్లో వారం మానేస్తే గుణింతం మొత్తం చెరిగిపోయేది. మళ్ళీ దిద్దుకోవాలి. చదువుకి ఒక వేళ ఉండాలనీ, ఆ వేళని ఎవరూ ముట్టుకోకూడదనీ నాకు అప్పుడే తెలిసింది.

కోడలు టెక్కలి పిల్ల. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. మా ఊరు ఉద్దానంలో, పూండికి దగ్గర. రోజూ పొద్దున్నే పాసింజరెక్కి పలాస వెళ్ళి, ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి టైపింగు నేర్పేది. బ్యాంకుల్లోనూ ఆఫీసుల్లోనూ కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలపడం మా వైపు అప్పుడప్పుడే మొదలైంది. ఆ పని చేసే విశాఖపట్నం కంపెనీకి మన జిల్లా చూసుకోవడానికి మనిషి కావాలని సెంటర్ ఓనరు చెప్పాడు. నెట్‌వర్కింగ్ పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉంటే తీసుకుంటారు. వేసవి దాటితే ఆ ఖాళీ ఉండదు. పరీక్ష ఫీజు రెండోసారి కట్టే శక్తి మాకు లేదు. అంటే ఒక్కసారే రాయాలి, ఆ ఒక్కసారిలోనే గట్టెక్కాలి.

"ఎప్పుడు సదువుతావు?" అని అడిగాను.

"కుదిరినప్పుడు సూసుకుంటాను అత్తా."

"కుదిరినప్పుడంటే ఎప్పుడూ కుదరదు. వేళ సెప్పు."

ఇద్దరం అరుగు మీద కూర్చుని రోజంతా వెతికాం. సెంటర్లో పిల్లల గోల. రైల్లో నిలబడటానికే చోటుండదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కరెంటు పోతుంది, లాంతరు పెడితే దాని చుట్టూ పురుగులు, ఇంటికొచ్చేవాళ్ళు. రాత్రి అన్నాలయ్యాక ఆమె కళ్ళు నిలబడవు. మిగిలింది వేకువ. కోడి కూసిన దగ్గర్నించి రైలుకి బయల్దేరేదాకా. కానీ ఆ వేళ నీళ్ళూ, వాకిలీ, వంటా ఆమెవే.

"అవి నాను సూసుకుంటాను. నువ్వు దీపం కాడ కూకో" అన్నాను.

నా కొడుకు ఆటో తుడుచుకుంటూ నవ్వాడు. "కోడలు కూకుంటే అత్త నీల్లు మొయ్యడం ఉద్దానంలో ఎక్కడన్నా ఉన్నాదేటమ్మా?"

"లేకపోతే ఈయేల నుంచి ఉంటాది. నువ్వో బిందె తెస్తే మాసిపోవు."

వాడు తెచ్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

మొదట్లో బాగా సాగింది. నేను పొయ్యి దగ్గర ఉంటే ఆమె ముందు గదిలో కాగితం మీద లెక్కలు వేసేది. ఏమిటా లెక్కలని ఒకసారి అడిగాను. "పెద్ద జీడితోటని కంచెలేసి ముక్కలు సేత్తాం గదత్తా, అలాటిదే. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తప్పులేకుండా సెప్పాల. మధ్యలో ఎవరన్నా లేపితే మల్లీ మొదట్నించే" అంది. పరీక్షలో గడియారం కదులుతూనే ఉంటుందట. ఒక ప్రశ్న దాటితే మళ్ళీ వెనక్కి రానివ్వరట. అందుకని చెయ్యి వేగంగా తిరగాలి. ఆ వేగం రోజూ చేస్తేనే వస్తుంది. నాకు అర్థమైంది. పిక్క కొట్టే చెయ్యి కూడా అంతే.

మా ఆయన అన్న, నాకు బావ, మా వెనక వీధిలో ఉండేవాడు. మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. కాళ్ళు వాచి, ఒళ్ళు దురద పెట్టి, నిద్రపట్టక వేకువనే వీధిలో తిరిగేవాడు. మా ఇంట్లో దీపం చూసి వచ్చాడు.

"ఏటమ్మా, ఇంత పొద్దున్నే ఎలుగు?"

పిల్ల పరీక్షకి చదువుతోందని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. మంచివాడు. ఆ మంచితనంతోనే ఆదివారం మందిరంలో లేచి, మా ఇంటి పిల్ల పెద్ద పరీక్ష రాస్తోంది, సంఘమంతా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలని విన్నవించాడు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అక్కడికక్కడే ప్రకటించేశారు. పరీక్ష అయ్యేదాకా వేకువ ప్రార్థన ఆ బిడ్డ ఇంట్లోనే. ఎలాగూ ఆ ఇంట్లో ఆ వేళకి దీపం వెలుగుతోంది కదా అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు.

బయటికి వచ్చాక ఆయన్ని ఆపాను.

"అయ్యగారూ, ఆ పిల్ల సదువుకునేది ఆ వేళే."

"ప్రార్థన ముందమ్మా, చదువు తర్వాత. దేవుడు తలిస్తే ఏడాది చదువు ఒక్క రోజులో వంటబడుతుంది."

"మరి అక్షరాలు నేర్చుకోడానికి నాకు అన్నేళ్ళెందుకు పట్టింది?" అన్నాను. ఆయన నవ్వి సైకిలెక్కారు. పెద్దదాన్ని, మొరటుదాన్ని అని నా మాటకి నవ్వడం అందరికీ అలవాటు.

మర్నాటి నుంచి వచ్చారు. చాపలు వేశాం. పాట, బైబిలు వాక్యం, మళ్ళీ పాట, ఆ తర్వాత ఒక్కొక్కరి ప్రార్థన. పరీక్ష గురించి మొదలుపెట్టి మోకాలి నొప్పి దగ్గరికీ, జీడిపూత రాలిపోవడం దగ్గరికీ, దుబాయి వెళ్ళిన అల్లుడి దగ్గరికీ పోయేవారు. చివర్లో గుర్తొచ్చి, "ఆ బిడ్డని కూడా ప్రభువా" అనేవారు. అయ్యాక టీ ఇవ్వాలి. ఇంటికొచ్చిన సంఘాన్ని ఉత్త నోటితో పంపడం మాలో లేదు.

కోడలు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళితే పిలిచేవారు.

"ఎవుల కోసం సేత్తన్నామే పిల్లా? నువ్వే లేకపోతే ఎలాగ? రా, నువ్వు సదువుకున్నదానివి, వాక్యం నువ్వే సదువు."

ఆమె వచ్చి చదివేది. గొంతు బాగుంటుందని మెచ్చుకునేవారు. వాళ్ళు లేచేసరికి రైలు వేళయ్యేది.

ఇంకా ముందు లేస్తానంది. లేచింది. రైల్లో నిలబడే నిద్రపోయి పలాసలో దిగకుండా తర్వాతి స్టేషను దాకా పోయింది. సెంటర్ ఓనరు మందలించాడు.

"వద్దని సెప్పెయ్యవే" అన్నాను.

"నాను సెప్తే గర్వమంటారత్తా. కొత్తగా వచ్చిన కోడల్ని."

"నాను సెప్తాను."

"పెదమావయ్య కాళ్ళీడ్చుకుంటూ వస్తన్నాడు. ఆయనకెలా సెప్తావు?"

తక్కిన వాళ్ళని గుమ్మంలోంచే పంపగలను. బావ మాత్రం ఆ వేకువ మా ఇంట్లో చాప మీద కూర్చుంటే నొప్పి కాసేపు మరిచిపోతున్నానని అన్నాడు. చావు ముందున్న మనిషి అలా అంటే ఏం చెప్పాలి?

చివరికి పరీక్ష మీదికొచ్చాక చెప్పాను. గేటు దగ్గర నిలబడ్డాను. బావ అందరికంటే ముందున్నాడు.

"బావా, ఈ పరీక్ష అయిపోనీ. నీ కోసం మా ఇంట్లోనే రోజూ పెట్టుకుందాం. ఇప్పుడు మాత్రం పిల్లని సదువుకోనియ్యి."

"ముందే సెప్పలేకపోనావేటమ్మా" అని వెనక్కి తిరిగాడు. తక్కినవాళ్ళు కదల్లేదు. ఒకామె, "దేవుడి మాటకి గుమ్మం మూసినోల్లు బాగుపడ్డారేటి?" అంది. "నీ పిల్ల పరీక్షకి నువ్వు మీ ఇంట్లో పెట్టుకో" అన్నాను. వెళ్ళారు.

అప్పటికి మిగిలిన వేకువలు చాలా తక్కువ. ఆ కాస్తా చదివింది. విశాఖపట్నం వెళ్ళి రాసింది. అక్కడ కంప్యూటరే పరీక్ష పెట్టి కంప్యూటరే మార్కులు చెప్పేస్తుంది. కొద్దిలో పోయింది. తోటని ముక్కలు చేసే లెక్కల దగ్గర చెయ్యి ఆడలేదట. అవన్నీ వచ్చు, వేగమే లేదు. తిరుగు రైల్లో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుందని నా కొడుకు చెప్పాడు.

ఊళ్ళో మాట అప్పటికే తయారుగా ఉంది. ప్రార్థన ఆపేశారు, అందుకే పోయింది. పాసై ఉంటే ప్రార్థన వల్లేనని మందిరంలో సాక్ష్యం చెప్పించేవారు. ఎటు తిరిగినా ఆ పిల్ల వేసిన లెక్కలకి విలువ లేదు. ఆ మాట అననివాడు బావ ఒక్కడే.

అయ్యగారు ఓదార్చడానికి వచ్చారు. కుర్చీలో కూర్చుని, "దిగులు పడకమ్మా. మళ్ళీ రాద్దువుగాని. ఈసారి మొదట్నించీ పట్టుదలగా ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఎన్నడూ పెద్దల ముందు నోరెత్తని పిల్ల. తల వంచుకునే అంది.

"ఈసారి మీ ఇంట్లో సేసుకోండి అయ్యగారూ."

ఆయన టీ సగంలో వదిలేసి లేచారు. నేను ఆపలేదు.

ఆ ఖాళీలోకి వేరే ఎవరో వచ్చారు. కోడలు ఆ పరీక్ష మళ్ళీ రాయలేదు. తర్వాతి ఏడాది పాప పుట్టింది, ఆ తర్వాత సెంటరే మూతపడింది. ఇప్పుడు కాశీబుగ్గలో ఒక జెరాక్స్ షాపులో అర్జీలు టైపు చేస్తుంది. చేతి వేగం బాగుందని షాపతను అంటాడట. నాకు చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను మందిరానికి మానలేదు. దేవుడితో నాకు తగువు లేదు. ఎవరి పిల్లల పరీక్షకైనా ఇంట్లో ప్రార్థన అని ప్రకటిస్తే మాత్రం లేచి నిలబడతాను. ఆ పిల్ల ఏ వేళ చదువుతుందో ముందు అడిగారా అంటాను. పాత అయ్యగారు వేరే ఊరు వెళ్ళిపోయారు. కొత్తాయనకి కూడా నేనంటే గిట్టదు. గిట్టకపోతే పోనీ. నా ప్రశ్నకి జవాబు చెప్పేదాకా నేను కూర్చోను.