పాచి కడిగిన పాపం

ఒక ఊరి మంచినీళ్లను శుభ్రత పేరుతో చెడగొట్టిన మనిషిని మీరింతవరకు చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. కంగారు పడకండి, ఇప్పుడు మీ ఇంటికి రావడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఏలూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో నా మొదటి ఉద్యోగం. కొల్లేటి మధ్య ఒక లంకలో మేం ఇసుక ఫిల్టర్ కట్టాం. సిమెంటు తొట్టి నిండా ఇసుక. పైన కొల్లేటి నీళ్లు పోస్తే కింద కుళాయిలో తేటనీళ్లు. దాన్ని చూసుకునేది సువార్తమ్మగారు. ఆవిడకు ట్రైనింగ్ ఇచ్చింది సాక్షాత్తూ నేనే. పుస్తకం చూసి చదివాను లెండి. చదివింది నా బుర్రకెక్కలేదు, ఆవిడకెక్కింది.

ఆ రోజు పదకొండింటికి విరాళమిచ్చేవాళ్ల ఇంజనీరుగారు వస్తున్నారు. ఆయనకు నచ్చితే పక్క లంకకూ ఫిల్టర్. అక్కడి ఆడవాళ్లు రోజూ దోనెలో వచ్చి బిందెలు నింపుకుపోతున్నారు. గాలి గట్టిగా వీస్తే దోనె, బిందెలు, మనుషులు అన్నీ నీళ్లపాలే.

ఏడింటికే బ్రష్షు, బ్లీచింగ్ పౌడరు పట్టుకుని దిగాను. మూత తీస్తే ఇసుక మీద గోధుమరంగు పాచి, జిగురుజిగురుగా.

“ఏంటండీ ఇది? ఇంజనీరుగారు చూస్తే ఏమనుకుంటారు?”

“అదుంటేనే కదండీ నీళ్లు బాగుపడేది. క్రిముల్ని తినేది ఆ పాచేనని మీరే చెప్పారు బాబుగారూ.”

“నేనా? నేనలా ఎందుకు చెబుతానండీ?”

“పుస్తకం చూసి చెప్పారండీ.”

“పుస్తకాల్లో సవాలక్ష ఉంటాయి. మీరు కాస్త పక్కకు జరగండి.”

ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగి వెళ్లి, బిందెలు తెచ్చి కుళాయి కింద వరసగా పట్టుకోవడం మొదలుపెట్టారు. అలిగారనుకున్నాను. పట్టడమయ్యాక తొట్టిలోకి దిగాను. పాచి గీకాను, ఇసుక కలియబెట్టాను, పౌడరు చల్లాను. ఇసుక తళతళలాడింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తొమ్మిదిన్నరకు కుళాయి తిప్పితే కుడితి వచ్చింది. ఆ బ్లీచింగ్ ఘాటుకు కళ్లు మండాయి.

“కాసేపట్లో తేటపడతాయి లెండి,” అన్నాను.

పదయింది. పడలేదు. డ్రైవరు ఫోను: “జీపు పెదపాడు దాటిందండీ.”

“మళ్లీ పాచి కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?”

“మూడు వారాలన్నారు కదండీ మీరు.”

అప్పుడే పక్క లంక దోనె ఒడ్డుకొచ్చింది, ఖాళీ బిందెలతో, తల్లుల వెంట వచ్చిన పిల్లలతో. నా ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు. మూడు వారాలు ఈ పిల్లలేం తాగుతారు? సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంజనీరుగారు రానేవచ్చారు. సువార్తమ్మగారు బిందెలోంచి ముంచి గ్లాసు అందించారు. ఆయన గటగటా తాగేశారు.

“బ్రహ్మాండమమ్మా! ఏదీ, మూత తియ్యండి.”

తీశాను. ఆయన మొహం మాడిపోయింది. “ఎవరు కడిగారిది?”

నేను ఆవిడ వంక దీనంగా చూశాను. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, నా కోసం అబద్ధమాడతారా?

“మా ట్రైనింగ్ సారేనండీ. వద్దన్నానండీ, వినలేదు. అందుకే ముందే ఎనిమిది బిందెలు పట్టి ఉంచానండీ.”

ఆయన వరసగా ఉన్న బిందెలు లెక్కపెట్టారు. తర్వాత నవ్వారు. “పక్క లంకకు ఫిల్టర్ ఇస్తాం. ట్రైనింగ్ మాత్రం ఈ అమ్మే ఇవ్వాలి.”

“మరి నేను సార్?”

“మీరు ముందు వరసలో కూర్చోండి.”

మూడు వారాలు రెండు లంకలకూ దోనెలో నీళ్ల క్యాన్లు మోశాను. తర్వాత క్లాసులో కూర్చున్నాను.

“అందరూ చెయ్యెత్తి చెప్పండి,” అన్నారు సువార్తమ్మగారు. “ప్రాణం పోయినా సరే, అడక్కుండా పాచి జోలికి పోను.”

పక్క లంక ఆడవాళ్లతో కలిసి నేనూ చెయ్యెత్తి చెప్పాను.

“బాబుగారూ, మీరు ఇంకోసారి చెప్పండి.”

చెప్పాను, లేచి నిలబడి.